సంతకం కోసం ఆగిన ఇళ్లు

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపం నేపాల్‌లో దాదాపు 9 వేల మందిని బలిగొంది. సుమారు 5 లక్షల ఇళ్లు కూలిపోయాయి. విదేశాల నుంచి సేవకులూ సరుకులూ కాఠ్మాండూకు పోటెత్తారు. అక్కడి విమానాశ్రయానికి ఉన్నది ఒకే రన్‌వే. సరుకు దిగాక కస్టమ్స్ గడప దాటాలి. వారం గడిచాక పన్ను మినహాయింపు దక్కింది గుడారాలకు, టార్పాలిన్లకు మాత్రమే. మామూలు రోజుల పద్ధతులు ఇప్పుడు పనికిరావని ఐక్యరాజ్యసమితి ప్రతినిధి జేమీ మెక్‌గోల్డ్రిక్ మొత్తుకున్నారు. ట్యూనా చేపలు, మయొనైజ్ పంపితే మాకేం ఉపయోగం, ధాన్యం, ఉప్పు, చక్కెర కావాలి అన్నారు ఆర్థికమంత్రి రాంశరణ్ మహత్. ఆ మాటలోనూ న్యాయముంది.

సాయంపై సర్కారుకున్న ఈ పట్టు భూకంపంతో వచ్చింది కాదు. పార్టీలను నిషేధించి రాజే ఏలిన ‘పంచాయతీ’ వ్యవస్థ రోజుల్లో, 1977లో, సేవా సంస్థలను ఒక తాటిపైకి తెచ్చే మండలి రాణి అధ్యక్షతన ఏర్పడింది. దానం చేయాలన్నా దర్బారు కనుసన్నల్లోనే. 1990 ప్రజా ఉద్యమంతో పంచాయతీ వ్యవస్థ కూలింది. 1992 చట్టంతో ఆ మండలి స్థానంలో సమాజ కల్యాణ పరిషత్ వచ్చింది. రాణి వెళ్లారు, దస్త్రం ఉండిపోయింది. విదేశీ సంస్థ ముందుగా పరిషత్‌తో సాధారణ ఒప్పందం, ఆపైన ఒక్కో ప్రాజెక్టుకూ విడిగా మరో ఒప్పందం చేసుకోవాలి. టూరిస్టు వీసాపై వచ్చినవారు పల్లె బడిలో ఉచితంగా పాఠం చెప్పినా నిబంధన తప్పినట్టే. పిల్లల అక్రమ రవాణా భయమున్న దేశంలో ఎవరు వస్తున్నారో అడగడం తప్పు కాదు. నా అభ్యంతరమల్లా, ఇల్లు కూలినవాడి దగ్గరా అదే తీరిక చూపడంపైనే.

అసలు జాప్యం ఇళ్ల దగ్గర జరిగింది. జూన్ 25 సదస్సులో దాతలు సుమారు 440 కోట్ల డాలర్లకు హామీ ఇచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. పునర్నిర్మాణ సంస్థ కోసం తెచ్చిన ఆర్డినెన్సు గడువులోగా చట్టం కాక మురిగిపోయింది. పార్టీలు కొత్త రాజ్యాంగం గొడవలో మునిగాయి. సెప్టెంబరు నుంచి భారత సరిహద్దులో దిగ్బంధంతో ఇంధనమూ కరవైంది. కొత్త చట్టం డిసెంబరుకు గానీ రాలేదు. ఇంటి నమూనాలు, మార్గదర్శకాలు తేలేదాకా సంస్థలు శాశ్వత ఇళ్ల జోలికి పోలేకపోయాయి.

తొలి విడత సాయం, 50 వేల నేపాలీ రూపాయలు, 2016 మార్చిలో దోలఖా జిల్లా సింగటిలో పంచడం మొదలైంది. ఒక వానాకాలం, ఒక చలికాలం అప్పటికే రేకుల కింద గడిచిపోయాయి.