మైక్రోవేవ్ ఓవెన్: అపోహలు – వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఓవెన్ రిపేరుకు తెచ్చేవాళ్లు మొదట అడిగేది రేడియేషన్ గురించే. ప్రాణం తీయగలిగేది ఇంకొకటుంది. దాన్ని ఎవరూ అడగరు.

అపోహ: వేడిచేసిన కూరలో రేడియేషన్ మిగిలిపోతుంది.
వాస్తవం: మిగలదు. తరంగాలను పుట్టించే భాగమైన మాగ్నెట్రాన్‌కు కరెంటు ఆగగానే తరంగాలూ ఆగిపోతాయి.

అపోహ: సెల్‌ఫోన్ లోపల పెడితే రింగయిందా, ఓవెన్ లీకవుతున్నట్టే.
వాస్తవం: తలుపు అంచును తయారుచేసింది 2450 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆపడానికి. ఫోన్ 900, 1800 లాంటి వేరే బ్యాండ్లలోనూ పనిచేస్తుంది, సిగ్నల్ లక్షో వంతుకు పడిపోయినా మోగుతుంది. సరైన పరీక్షకు లోపల 275 మిల్లీలీటర్ల నీళ్లుంచి, ఫుల్ పవర్‌లో నడుపుతూ, లీకేజీ మీటరును తలుపు సందు వెంబడి 5 సెంటీమీటర్ల ఎడంగా జరపాలి. చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటితే వాడకం ఆపాలి. మీటరు లేకపోతే హింజులు వదులయ్యాయా, తలుపు వంగిందా, తలుపు అద్దంలోని లోహపు జాలీ చిరిగిందా చూడండి. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి పెయింటు కిందనుంచే తుప్పు పడుతుంది, అంచులు గోటితో గీరి చూడాలి.

అపోహ: లోపల మెరుపులొస్తే రేడియేషన్ బయటికొస్తోంది.
వాస్తవం: చాలాసార్లు పక్కగోడ మీద తరంగాలు లోపలికొచ్చే దారికి మూతగా ఉండే మైకా రేకు నూనె పట్టి మాడి ఉంటుంది. కొత్తది కొలతకు కత్తిరించి వేస్తే సరి. అలాగే నడిపితే మాగ్నెట్రాన్ పోతుంది, అప్పుడు ఖర్చు గట్టిగానే తగులుతుంది.

అపోహ: ప్లగ్ తీశాక భయం లేదు.
వాస్తవం: ఎవరూ అడగనిది ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 2000 వోల్టులిస్తే, డయోడ్, చార్జిని నిలవ ఉంచుకునే 1 మైక్రోఫారడ్ దరిదాపు కెపాసిటర్ కలిసి దాన్ని 4000 దాకా తీసుకెళ్తాయి. ప్లగ్ తీశాక కెపాసిటర్ లోపలి 10 మెగాఓమ్ రెసిస్టర్ ఆ చార్జిని నిమిషంలో దించేయాలి. రెసిస్టర్ తెగిపోతే చార్జి అలాగే ఉంటుంది. అందుకే కవర్ విప్పగానే ముందు డిశ్చార్జి చేయాలి: రెండు టెర్మినళ్ల మధ్య, ఆపై ఒక్కో టెర్మినల్ నుంచి బాడీకి. పని నేర్చినవాళ్లు తప్ప కవర్ జోలికి పోకూడదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో హై వోల్టేజి ఇచ్చే తీగచుట్ట (వైండింగ్) ఒక కొస బాడీకే కలిపి ఉంటుంది కాబట్టి ఎర్త్ లేని సాకెట్‌లో ఓవెన్ పెట్టకండి.

అపోహ: ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే తీగ చుడితే చాలు.
వాస్తవం: తలుపు తెరిచినప్పుడే పోతోందంటే తలుపు తెరవగానే కరెంటు ఆపాల్సిన లాచ్ స్విచ్ అతుక్కుపోయి ఉండొచ్చు. అప్పుడు దానికి కాపలాగా ఉండే మానిటర్ స్విచ్ కావాలనే సప్లైని షార్ట్ చేసి ఫ్యూజు ఎగరగొడుతుంది. తీగ చుడితే ఆ రక్షణ పోయినట్టే. తలుపు తీసి ఉన్నా ఓవెన్ నడిస్తే మొదటి దెబ్బ కళ్లకే. కంటి లెన్సులో రక్తప్రసరణ ఉండదు, చేరిన వేడి త్వరగా పోదు, శుక్లం రావచ్చు. ఫ్యూజుతో పాటు తలుపు దగ్గరి మూడు స్విచ్‌లూ (రెండు లాచ్ స్విచ్‌లు, ఒక మానిటర్ స్విచ్) మార్చి, ప్లగ్ తీసి ఉంచి, తలుపు తెరుస్తూ మూస్తూ ఒక్కోదాన్నీ మల్టీమీటరుతో చూడాలి.