ఫోనుకు రేకు చుట్టక్కర్లేదు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సౌర తుఫాను వస్తే ఇంట్లో ఫోన్లూ టీవీలూ మాడిపోతాయట కదా, అల్యూమినియం రేకు చుట్టి దాచాలా అని అడిగారు. అక్కర్లేదర్రా. ఆ రేకు వంటింట్లోనే ఉండనివ్వండి.

సూర్యుడు అప్పుడప్పుడు విద్యుదావేశం నిండిన వాయువును పెద్ద ఎత్తున చిమ్ముతాడు. అది వచ్చి తగిలితే భూమి అయస్కాంత క్షేత్రం అల్లాడుతుంది. అయస్కాంత క్షేత్రం మారితే తీగలో కరెంటు పుడుతుందని సైన్సులో చదివారుగా. ఇక్కడ ఆ మార్పు నెమ్మది. పెద్ద తుఫానులోనూ కిలోమీటరు పొడవుకు కొద్ది వోల్టులే పుడతాయి. మీ ఛార్జరు వైరు ఎంత, మీటరుంటుందా? దానికేమీ కాదు. వందల కిలోమీటర్ల హైటెన్షన్ లైనుకే గండం. దాంట్లో పుట్టిన కరెంటు డీసీలా, అంటే దాదాపు ఒకే దిశలో పారుతూ, ట్రాన్స్‌ఫార్మర్లలోకి చొరబడుతుంది. ఏసీ (దిశ మారుతూ పారే కరెంటు) కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మరు దాన్ని ఓర్చుకోలేక మూలుగుతుంది, వేడెక్కుతుంది.

1859 సెప్టెంబరులో పెద్ద సౌర తుఫాను వచ్చి టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో నిప్పురవ్వలు లేచాయి. అమెరికాలో కొందరైతే బ్యాటరీలు విప్పేసి, ఆకాశం ఇచ్చిన కరెంటుతోనే కబుర్లు పంపారు! 1989 మార్చి 13న ఇలాంటి తుఫానుకే కెనడాలోని క్యుబెక్ గ్రిడ్ (కరెంటు సరఫరా లైన్ల వల) 90 సెకన్లలో కుప్పకూలింది. 60 లక్షల మంది దాదాపు 9 గంటలు చీకట్లో ఉన్నారు. అక్కడ నేలంతా రాయి, కరెంటు భూమిలోకి దిగదు, లైన్లనే పట్టుకుంటుంది. పైగా ధ్రువానికి దగ్గర. మనం భూమధ్యరేఖ వైపు ఉన్నాం కనుక మన లైన్ల మీద దెబ్బ తక్కువ.

అంటే ఇంటికి వచ్చే చిక్కల్లా కరెంటు పోవడం, మళ్ళీ వచ్చేటప్పుడు వోల్టేజి ఎగిరి పడటం. దానికి సౌర తుఫానే రానక్కర్లేదు. వీధిలో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెగినా 230 ఉండాల్సిన చోట 400 దాకా వస్తుంది. అందుకే కరెంటు పోగానే ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు పీకేయండి. స్విచ్ కట్టేస్తే చాలదు. కరెంటొచ్చి పది నిమిషాలు నిలకడగా ఉన్నాకే పెట్టండి.

మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ (క్షణకాలం ఎగిసే వోల్టేజిని భూమిలోకి మళ్ళించే పరికరం) పెట్టించమని నాన్నకు చెప్పండి. అయితే ముందు ఎర్తింగ్ చూపించమనండి. ఎర్త్ సరిగ్గా లేకపోతే, ఎంత ఖరీదైన ప్రొటెక్టరూ గోడకు అలంకారమే. మన అసలు శత్రువు పిడుగు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. ఉరుములు మొదలవకముందే ప్లగ్గులతో పాటు కేబుల్, ఇంటర్నెట్ వైర్లూ తీసెయ్యాలి.

అణు విస్ఫోటనంతో పుట్టే విద్యుదయస్కాంత తాకిడి వేరు. 1962 జులైలో అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున బాంబు పేల్చితే, 1,400 కిలోమీటర్ల అవతల హవాయిలో వీధి దీపాలు ఆరిపోయాయి. అందులో మొదటి దెబ్బ సెకనులో వంద కోట్లవ వంతు లెక్కన పడుతుంది, పొట్టి వైర్లనూ వదలదు. మామూలు స్పైక్‌గార్డు దాన్ని ఆపుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. సందుల్లేని లోహపు డబ్బా కొంత కాపాడుతుంది. కానీ అది యుద్ధం సంగతి, దానికోసం నిద్ర పాడుచేసుకోకండి.

సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండటానికి మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్ళిన ఆదిత్య-ఎల్1 అంతరిక్ష నౌక ఇక్కడికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. సూర్యుడు చిమ్మిన వాయువు మనదాకా రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. గ్రిడ్ వాళ్ళు సర్దుకోవడానికి ఆ వ్యవధి ఉంటుంది.

ఈలోగా మీ ఇంటి ఎర్త్ గుంత ఎక్కడుందో కనుక్కుని నాకు రాయండి. ఎండాకాలం దాంట్లో నీళ్ళు పోసే పని మీది. బోర్డు మూత మాత్రం ఎలక్ట్రీషియనే తియ్యాలి.

ఇట్లు,
మీ తాతయ్య