పాడిని చూసి బర్రె, తల్లిని చూసి పిల్ల... మరి రేసు గుర్రం? స్టాలియన్ల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన చలికాలం హసన్‌పర్తి దగ్గర్నుంచి ఒక ఫోన్ వచ్చింది. "సార్, మలక్‌పేట రేసుల్ల ఉరికిన గుర్రాన్ని పట్టుకొచ్చిన. వంశంల నార్తర్న్ డాన్సర్ ఉన్నదట, అసలు బ్లడ్డు. మన బరాత్ గుర్రాలకు దీన్ని దాటిపిస్త, ఒక్కో పిల్లకు రెండు లక్షలు యాడికి పోవు. జర వచ్చి చూడరాదు."

వెళ్లాను. గుర్రం బాగుంది, వెంట్రుక నిగనిగలాడుతోంది, ఎడమ ముందుకాలికి పాత నరం వాపు తప్ప వంక పెట్టడానికి లేదు. ఆ తమ్ముడు పాస్‌పోర్ట్ తెరిచి వంశవృక్షం పేజీ చూపించాడు, నేను వంగి కిందికి చూశాను. వృషణాలు లేవు. ఆక్తా చేసిన గుర్రం. పాస్‌పోర్ట్‌లో కూడా గెల్డింగ్ అని ఉంది, ముత్తాతల పేర్లన్నీ బట్టీపట్టిన మనిషి ఆ ఒక్క మాట చదవలేదు.

నేను పశువైద్యుణ్ని. ఉద్యోగం మొదట్లో పుణె వైపు గుర్రాల్ని దాటించి పిల్లల్ని పెంచే ఒక స్టడ్ ఫామ్‌లో ఆరు సీజన్లు పనిచేశాను, ఇప్పుడు హన్మకొండలో ఎక్కువగా బర్రెలు, కుక్కలే చూస్తున్నాను. అయినా గుర్రాల ఫోన్లు ఆగవు, అడిగేవి కూడా అవే నాలుగైదు మాటలు. అందుకే స్టాలియన్ల గురించి, అంటే పిల్లల కోసం దాటించే మగ గుర్రాల గురించి, ఒకసారి రాసి పెడుతున్నా. ఉదాహరణకు ఎక్కువగా ఒకే గుర్రాన్ని తీసుకుంటాను, సెక్రటేరియట్. హుస్సేన్‌సాగర్ పక్కనున్న ఆఫీసు కాదు, అమెరికా గుర్రం.

అపోహ: ఛాంపియన్‌కు పుట్టినవి ఛాంపియన్లే అవుతాయి.

సెక్రటేరియట్ 1970 మార్చి 30న వర్జీనియాలో పుట్టింది. తండ్రి బోల్డ్ రూలర్, తల్లి సమ్‌థింగ్‌రాయల్. 1973లో అమెరికాలోని మూడు పెద్ద రేసులూ, అంటే కెంటకీ డర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్, ఒకే ఏడాదిలో గెలిచింది. చివరిదైన బెల్మాంట్‌లో మైలున్నర దూరాన్ని 2 నిమిషాల 24 సెకన్లలో పూర్తిచేసింది, రెండో గుర్రం 31 లెంగ్తుల, అంటే 31 గుర్రాల పొడవంత, వెనక ఉంది. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే సుమారు 75 మీటర్లు. మట్టి ట్రాక్ మీద ఆ దూరానికి ఆ టైమును 50 ఏళ్లు దాటినా ఇంకే గుర్రమూ అందుకోలేదు. మొత్తం 21 సార్లు పరుగెత్తి 16 గెలిచింది.

ఇంత గుర్రం కదా, బెల్మాంట్‌కు ముందే, ఆ ఏడాది మొదట్లోనే, దాని బ్రీడింగ్ హక్కుల్ని 32 వాటాలు చేసి వాటా 1,90,000 డాలర్లకు అమ్మారు. మొత్తం 60 లక్షల డాలర్ల పైమాటే, అప్పట్లో అది రికార్డు. దాని మొదటి బ్యాచ్‌లోని కెనేడియన్ బౌండ్ అనే పిల్లను 1976 వేలంలో 15 లక్షల డాలర్లకు కొన్నారు, ఏడాది పిల్ల పది లక్షల డాలర్లు దాటడం అదే మొదటిసారి. ఆ పిల్ల ఒక్క రేసు కూడా గెలవలేదు.

ఎందుకిలా? పిల్లకు తండ్రి నుంచి వచ్చేది సగం. ఆ సగంలో ఏ ముక్కలు వస్తాయో ప్రతిసారీ కొత్త లాటరీ. మిగతా సగం తల్లిది. ఆ తర్వాత మేత, కాళ్లు, ట్రైనర్, జాకీ, ఆ రోజు ట్రాక్, అదృష్టం. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో నాలుగు వేలకు పైగా గుర్రాల లెక్కలు తీసి చూస్తే, జీవితం మొత్తంలో గుర్రాలు సంపాదించిన డబ్బులో తేడాలకు జన్యువుల వాటా సుమారు 10 శాతమే అని తేలింది. ఖరీదైన స్టాలియన్ దగ్గరికి ఖరీదైన ఆడగుర్రాలే వస్తాయి, ఆ పిల్లలు ఖరీదైన ట్రైనర్ దగ్గరికే పోతాయి, చివరికి పేరంతా తండ్రి ఖాతాలో పడుతుంది.

అపోహ: సరే, అయితే సెక్రటేరియట్ స్టాలియన్‌గా ఫెయిల్.

ఈ మాట రేసుల మీద కాస్త చదివినవాళ్లే ఎక్కువగా అంటారు, అందుకే దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను.

ముందుగా లెక్క. సెక్రటేరియట్‌కు 650కి పైగా పిల్లలు పుట్టాయి, వాటిలో స్టేక్స్ అనే పెద్ద రేసులు గెలిచినవి 50 పైచిలుకు. అంటే వందకు ఎనిమిదో తొమ్మిదో. దాదాపు అన్నే పిల్లలున్న ఇంకో పేరున్న స్టాలియన్ నార్తర్న్ డాన్సర్‌కు 147. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఎవరైనా ఫెయిల్ అనే అంటారు. పైగా లేడీస్ సీక్రెట్, రైజెన్ స్టార్, ఆస్ట్రేలియాలో 1990 మెల్బోర్న్ కప్‌ను రికార్డు టైమ్‌లో గెలిచిన కింగ్‌స్టన్ రూల్ లాంటి బిడ్డలున్నా, తండ్రిలాంటి కొడుకు ఒక్కడూ రాలేదు, దాని తర్వాత వంశం నిలబెట్టే స్టాలియన్ కొడుకూ దొరకలేదు.

కానీ కూతుళ్లను చూడండి. టెర్లింగ్వా అనే కూతురికి స్టార్మ్ క్యాట్ పుట్టింది, ఒక దశలో ఒక్కసారి దాటించడానికి దాని ఫీజు 5 లక్షల డాలర్లు. వీకెండ్ సర్‌ప్రైజ్ అనే కూతురికి ఏ.పీ. ఇండీ పుట్టింది, 1992లో బెల్మాంట్ గెలిచి ఆ ఏటి మేటి గుర్రం అయింది, తర్వాత స్టాలియన్‌గా అంతకంటే పెద్ద పేరు తెచ్చుకుంది, ఇటీవలి కాలంలో అమెరికాను ఏలిన ట్యాపిట్ దాని మనవడే. సీక్రెటేమ్ అనే ఇంకో కూతురికి గాన్ వెస్ట్. 1992లో అమెరికాలో కూతుళ్ల పిల్లల సంపాదన లెక్కలో మొదటి స్థానం సెక్రటేరియట్‌దే. అప్పటికి అది చనిపోయి మూడేళ్లు.

ఇది మన రైతుకు చెప్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ముర్రా దున్నపోతు పాలిస్తుందా? ఇవ్వదు. మరి మంచి దున్న అని ఎట్లా అంటాం? దాని తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చింది, దానికి పుట్టిన పెయ్యలు ఈనాక ఎన్ని లీటర్లు ఇస్తున్నాయి అని చూసి. పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెమ్మని మన పెద్దలు ఊరికే అనలేదు. అదే రైతు కొడుకు గుర్రం దగ్గరికి వచ్చేసరికి తండ్రి పేరు ఒక్కటి చాలంటాడు, తల్లి పేరు అడిగితే పాస్‌పోర్ట్ వెతుక్కుంటాడు!

అపోహ: సెక్రటేరియట్ గుండె పది కిలోలు, ఆ జన్యువు కూతుళ్ల ద్వారా వచ్చింది.

సెక్రటేరియట్‌కు గిట్టల జబ్బు, అంటే లామినైటిస్ వచ్చి 1989 అక్టోబర్ 4న నిద్రపుచ్చాల్సి వచ్చింది. చనిపోయాక పరీక్ష చేసిన డాక్టర్ గుండె చూసి ఆశ్చర్యపోయాడు, మామూలు గుర్రానికి నాలుగు కిలోలుంటే దీనిది దాని రెండింతలు దాటి ఉంది. రోగం లేదు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కేవలం పెద్దది. అయితే అసలు సంగతి, ఆ గుండెను తూచలేదు. తర్వాత దాని పాత పోటీదారు షామ్ గుండె తూచితే ఎనిమిది కిలోలు వచ్చింది, దానితో పోల్చుకుని సెక్రటేరియట్‌ది 22 పౌండ్లు, అంటే పది కిలోలు ఉండొచ్చని ఆ డాక్టర్ అంచనా వేశాడు. వాట్సాప్‌లో తిరిగేటప్పుడు అంచనా అన్న మాట రాలిపోయింది.

తండ్రి ఎక్స్ క్రోమోజోమ్ కూతుళ్లకే పోతుంది, కొడుకులకు పోదు, ఇది నిజం. కాబట్టి పెద్ద గుండె జన్యువు ఎక్స్ మీదే ఉంది అనడం కథగా భలే కుదురుతుంది, నాకూ ఇష్టమే, కానీ అలాంటి జన్యువును ఎవరూ చూపించలేదు. దూరానికి సంబంధించి గట్టిగా రుజువైనది మయోస్టాటిన్ అనే జన్యువు, 2010లో ఐర్లాండ్ శాస్త్రవేత్తలు చూపించారు. అది గుర్రం పొట్టి దూరాలకు సరిపోతుందా, పొడుగు దూరాలకా అన్నది చెబుతుంది. గెలుస్తుందా లేదా అన్నది చెప్పదు.

అపోహ: ఎక్కువ రేసులు గెలిచిన, ఎత్తైన గుర్రమే మంచి స్టాలియన్.

నార్తర్న్ డాన్సర్‌ను ఏడాది పిల్లగా 25,000 డాలర్లకు పెడితే పొట్టిగా ఉందని ఎవరూ కొనలేదు. 1964లో కెంటకీ డర్బీని సరిగ్గా 2 నిమిషాల్లో గెలిచింది, ఆ రికార్డును బద్దలుకొట్టింది తొమ్మిదేళ్ల తర్వాత మన సెక్రటేరియటే. నార్తర్న్ డాన్సర్ కొడుకు డాన్జిగ్ మోకాలు పాడై మూడంటే మూడు రేసులతో ఆగిపోయింది, అయినా అమెరికాలో వరసగా మూడేళ్లు నంబర్ వన్ స్టాలియన్. ఇంకో కొడుకు రాజీన్ 1990లో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ డర్బీలో ఫేవరెట్‌గా దిగి ఎక్కడో వెనక వచ్చింది, తర్వాత మన దేశానికి వచ్చి ఛాంపియన్ స్టాలియన్ అయింది. ఇటువైపు సిగార్ అనే గుర్రం వరసగా 16 గెలిచింది, తీరా స్టడ్‌కు పంపితే ఒక్క ఆడగుర్రమూ చూడి నిలవలేదు. సెక్రటేరియట్‌తో కూడా మొదట ఈ టెన్షన్ ఉండేది, వీర్యం పరీక్షలో కణాలు ఇంకా పక్వానికి రాలేదని తేలితే, అనుమానం తీర్చుకోవడానికి వేరే జాతి ఆడగుర్రాలకు దాటించి చూశారు. అలా ఒక ఆపలూసా గుర్రానికి 1974 నవంబర్‌లో పుట్టిందే దాని మొదటి పిల్ల.

అపోహ: ఫారిన్ స్టాలియన్ సెమెన్ తెప్పించి సూది వేయిస్తే అయిపోతుంది.

బర్రెలకు వేస్తున్నాం కదా అని ఇది చాలామంది అడుగుతారు. థరోబ్రెడ్‌లో, అంటే రేసు గుర్రాల జాతిలో, కుదరదు. సెమెన్ వేస్తే పిల్ల పుడుతుంది, కానీ ఏ దేశపు స్టడ్ బుక్‌లోనూ, అంటే జాతి గుర్రాల రిజిస్టర్‌లోనూ, నమోదు కాదు, నమోదు కాకపోతే రేసుకు ఎక్కదు. స్టాలియన్, ఆడగుర్రం కలవాల్సిందే, పుట్టాక డీఎన్ఏతో తల్లిదండ్రులను సరిచూస్తారు, మైక్రోచిప్ వేస్తారు.

ఆ కలవడం కూడా సినిమాల్లో చూపించినట్టు పచ్చిక మీద పరుగులు కాదు. తెల్లారుజామున షెడ్డులో, కింద మెత్తటి నేల. ముందు టీజర్ అనే ఇంకో మగ గుర్రాన్ని అడ్డుగోడ అవతల నిలబెడతాం, ఆడగుర్రం ఎదకు వచ్చిందో లేదో వాడు చెప్తాడు, వాడి పని అంతవరకే, పాపం. తర్వాత తోకకు కట్టు కడతాం, గోరువెచ్చని నీళ్లతో కడుగుతాం, తన్నినా స్టాలియన్‌కు దెబ్బ తగలకుండా వెనక గిట్టలకు మందపాటి బూట్లు తొడుగుతాం, పై పెదవికి తాడు మెలిపెట్టి ఒక సైస్, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, పట్టుకుంటాడు. స్టాలియన్‌ను ఇద్దరు తెస్తారు. అది ఎక్కాక నా కళ్లు దాని తోక మీదే ఉండేవి, చేతిపంపు కొట్టినట్టు తోక పైకీ కిందికీ ఊగితే పనైనట్టు. రెండు మూడు నిమిషాల ముచ్చట. కోట్ల విలువైన గుర్రం వెనక్కి అడుగేసి దిగేదాకా షెడ్డులో ఎవరూ మాట్లాడరు. పదిహేనో రోజు స్కాన్‌లో ద్రాక్షపండంత నల్లటి చుక్క ఒక్కటి కనిపిస్తే టీ తాగేవాళ్లం, రెండు కనిపిస్తే టీ పక్కన పెట్టి, వేళ్లతో ఒకదాన్ని చిదిమేయాలి, గుర్రం కవలల్ని మోయడం చాలా అరుదు.

అందుకే తల్లి థరోబ్రెడ్ కాకపోతే ఇదంతా లెక్కలోకే రాదు. బరాత్ గుర్రానికి ఎంత గొప్ప స్టాలియన్‌ను దాటించినా ఆ పిల్ల మలక్‌పేట గేటు లోపలికి రేసుకు పోదు.

అపోహ: "మా గుర్రం ఫలానా ఛాంపియన్‌కు తమ్ముడు".

ఒకే తండ్రి అయితే తమ్ముడు అనరు. గుర్రాల భాషలో సగం తోబుట్టువులంటే తల్లి ఒక్కటే అయినవి మాత్రమే. ఒక స్టాలియన్‌కు ఏడాదికి వంద పిల్లలు పుట్టొచ్చు, ఆడగుర్రానికి పదకొండు నెలలు మోస్తే ఒక్కటి. అమ్మేవాడు తమ్ముడంటే, తల్లి పేరు అడగండి.

ఇంకో రెండు చిన్నవి. మూడు కాళ్లు తెల్లగా ఉంటే అచ్చిరాదని, పంచకల్యాణి అయితేనే లక్ష్మి అని మా దగ్గర ఒక పెద్దాయన ఇప్పటికీ సుళ్లు లెక్కపెట్టి చూస్తాడు. సెక్రటేరియట్‌కు మూడు కాళ్లే తెలుపు. ఆయన లెక్కన దాన్ని వాకిట్లోకి కూడా రానివ్వకూడదు. ఇక థరోబ్రెడ్ మన కాకతీయుల కాలం నాటి జాతే అనే పోస్టు. కాకతీయులకు గుర్రపు దళాలున్నాయి, 1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లు నుంచి ఏనుగులతో పాటు గుర్రాలనూ కప్పంగా పట్టుకుపోయాడు, అంతవరకు చరిత్ర. థరోబ్రెడ్ తయారైంది ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లకు ఇంగ్లండ్‌లో. తూర్పు దేశాల నుంచి తెచ్చిన మూడు మగ గుర్రాలు దాని మూలం. వాటిలో 1704లో అలెప్పో నుంచి వెళ్లిన డార్లీ అరేబియన్ మగ వరస నుంచి వచ్చినవే ఇవాళ్టి థరోబ్రెడ్ మగ గుర్రాల్లో 95 శాతం దాకా.

హసన్‌పర్తి గుర్రం సంగతి. దాన్ని వెంటనే బరాత్‌కు కట్టొద్దని చెప్పాను, ముందు గ్లాండర్స్ రక్తపరీక్ష చేయించమన్నాను, అది మనుషులకూ అంటుకునే జబ్బు కాబట్టి. పరీక్ష బాగానే వచ్చింది. నా మాట వినకుండా మాఘమాసంలో ఒక పెళ్లికి తీసుకుపోయారట, బ్యాండు మొదలుకాగానే గుర్రం వెనక్కి తిరిగి ఊరి చెరువు కట్ట దాకా ఉరికింది. పెండ్లికొడుకు ఇంకా ఎక్కలేదు, అదృష్టం. ఇప్పుడు తమ్ముడు దాన్ని పొద్దున పూట నడిపించుకుంటున్నాడు, పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. మొన్న మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి ఆడగుర్రం చూశాడట.

"దాని అమ్మ పేరు కూడా రాసుకున్న సార్" అన్నాడు.