ఎదురొచ్చే దున్నకు ఎంత తూటా కావాలి?

ఆఫ్రికా అడవిదున్న గంటకు 55 కిలోమీటర్ల వేగం దాకా అందుకోగలదు. 30 మీటర్ల దూరంలోని పొదలోంచి మీదికి వస్తే మనిషికి మిగిలేది రెండు సెకన్లు. గుండెలోంచి బుల్లెట్ దూసుకుపోయినా, మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో అది మరో పది పదిహేను సెకన్లు పరిగెత్తగలదు. అందుకే అక్కడ రైఫిల్ కాలిబర్ గురించి అంత పట్టింపు. వేటగాళ్లకే కాదు, దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో పర్యాటకులను కాలినడకన తిప్పే గైడ్లకూ ఇది ప్రాణాలతో ముడిపడిన లెక్క.

కాలిబర్ అంటే స్థూలంగా బుల్లెట్ వ్యాసం. .375 అంటే అంగుళంలో వెయ్యింట 375 వంతులు, దాదాపు 9.5 మిల్లీమీటర్లు.

పెద్ద బుల్లెట్ తగిలితే జంతువు వెనక్కి ఎగిరి పడుతుందని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూద్దాం. బ్రిటిష్ తుపాకుల సంస్థ రిగ్బీ తెచ్చిన .416 బుల్లెట్ 26 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 720 మీటర్లు. అది 700 కిలోల దున్న ఒంట్లో దిగి ఆగిపోతే, ఆ తోపుకు దున్న కదిలే వేగం సెకనుకు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. దున్నను పడగొట్టేంత తోపు ఆ బుల్లెట్‌కు ఉంటే, కాల్చినవాడు అంతకంటే ముందే వెల్లకిలా పడేవాడు.

మరి జంతువును ఆపేది ఏది? బుల్లెట్ దిగే లోతు. చర్మం, కండ, ఎముక దాటుకుని అది మెదడుకో వెన్నుపాముకో చేరాలి. ఏనుగు మెదడు ఐదు కిలోలు ఉన్నా, దాని చుట్టూ తేనెపట్టులా గాలి గదులున్న ఎముక మందంగా ఉంటుంది. మెత్తటి సీసం ముక్కున్న బుల్లెట్ పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. సింహానికి అది సరైనది, ఏనుగు తలలో మాత్రం దారిలోనే ఆగిపోవచ్చు. అక్కడ విచ్చుకోని గట్టి బుల్లెట్ కావాలి. వ్యాసానికి తగ్గ బరువూ పొడవూ ఉంటే అది చెక్కలోకి మేకు దిగినట్టు తిన్నగా దిగుతుంది.

20వ శతాబ్దం మొదట్లో స్కాట్లాండ్‌కు చెందిన డబ్ల్యూ.డి.ఎం. బెల్ వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. వాటిలో ఎక్కువ భాగం 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిల్‌తోనే. ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు సరిగ్గా ఎక్కడుందో నేర్చుకున్నాడు. దంతాల కోసం సాగిన ఆ సంహారాన్ని నేను మెచ్చుకోలేను. పైగా అతను తీరిగ్గా నిలబడి కాల్చిన ఏనుగులను చూసి, మీదికి దూకే జంతువుకూ చిన్న రైఫిల్ చాలనుకుంటే ప్రాణం పోతుంది.

ఈ అంకెల వెనుక మన దేశపు చరిత్ర కూడా కొంత ఉంది. 1898లో రిగ్బీ సంస్థ పొగరాని కార్డైట్ మందుతో .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే తూటా తెచ్చింది. తిరుగుబాటుదారుల చేతుల్లోని పాత మార్టిని-హెన్రీ తుపాకులకు ఆ బుల్లెట్లు పనికొస్తాయన్న భయంతో, 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆ సైజు తూటాలను భారత్‌లోకి, సూడాన్‌లోకి రానివ్వలేదు. అప్పుడే తయారీదారులు .465, .470, .475 వైపు మళ్లారు. ఆఫ్రికాలో నేటికీ ఎంతో పేరున్న .470కి ఆ పేరు రావడంలో ఇక్కడి తిరుగుబాటు భయానికీ పాత్ర ఉంది.

పెద్ద కాలిబర్‌కు హద్దు గీసేది మన భుజమే. నాలుగు కిలోల .375 రైఫిల్ దాదాపు 50 జౌళ్ల శక్తితో వెనక్కి తన్నుతుంది. ఐదు కిలోల .470 అయితే 80 జౌళ్లు దాటుతుంది. ఆ తన్నుకు భయపడినవాడు ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుంటాడు, గురి తప్పుతుంది. గాయపడిన జంతువు పొదల్లో నరకం అనుభవిస్తుంది, వెతుక్కుంటూ వెళ్లిన మనిషికీ టెన్షనే. అందుకే చాలామందికి 1912లో హాలండ్ అండ్ హాలండ్ అనే బ్రిటిష్ తుపాకుల సంస్థ తెచ్చిన .375 మాగ్నమే సరైనదని నా అభిప్రాయం. 19 గ్రాముల పైచిలుకు బుల్లెట్, దాని శక్తి సుమారు 5,800 జౌళ్లు. ఏనుగు, దున్న వంటివాటికి నమీబియా చట్టం అడిగే 5,400 జౌళ్లను అది దాటుతుంది.

గైడ్ల సంగతి వేరు. పారిపోతున్న జంతువు కాదు, మీదికొస్తున్నది ఆగాలి. రోజూ సాధన చేసి ఆ తన్నును భుజానికి అలవాటు చేసుకున్నవాళ్లు .416, .458 పడతారు. కొందరు రెండు గొట్టాల .470 ఎంచుకుంటారు. దానికి రెండు ట్రిగ్గర్లు ఉంటాయి. మొదటి దెబ్బ తప్పితే, ఒక గొట్టం రైఫిల్‌లోలా తూటా ఎక్కించే బోల్టు వెనక్కి లాగి మళ్లీ ముందుకు తోయనక్కర్లేదు, వేలు రెండో ట్రిగ్గర్ మీదికి జరిపితే చాలు.