ఉన్న డిస్కు ఎందుకు కనబడదు?

2025 కార్తీక మాసంలో పాలకొల్లులోని ఒక కొబ్బరి వర్తకుల కొట్టులో మూలం (సోర్స్ కోడ్) అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేయడానికి కూర్చున్నాము. అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. ఆ కొట్టులోని 2017 నాటి ల్యాప్‌టాప్ ప్రాసెసర్ విండోస్ 11 అంగీకరించే జాబితాలో లేదు, యంత్రం మాత్రం నిక్షేపంగా ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాలర్ లేచింది, వైఫై కలిసింది, తెలుగు అక్షరాలు చక్కగా వచ్చాయి. కాని ఏ డిస్కులో వేయాలో ఎంచుకోమన్న చోటికి వచ్చేసరికి ఆ పెన్‌డ్రైవ్ తప్ప మరొకటి కనబడలేదు. "డిస్కు పోయిందేమోనండీ, మొన్న తుఫానుకి కరెంటు పోతా వస్తా ఉందిగా" అన్నారు యజమాని. డిస్కు పోలేదు. అంతకు పది నిమిషాల ముందు దాని మీదనే విండోస్ నడిచింది.

లినక్స్‌కు గుండెకాయలా ఉండి పరికరాలను నడిపే కెర్నెల్ సందేశాలు తెరిచి చూస్తే జవాబు అక్కడే ఉంది: ఒక ఎన్‌వీఎంఈ పరికరం (వేగమైన కొత్తరకం డిస్కు) వేరొక నియంత్రిక (కంట్రోలర్) చాటున ఉన్నదనీ, దానిని వాడుకోవాలంటే యంత్రం లేవగానే ముందు నడిచే బయాస్‌లో రెయిడ్ (కొన్ని డిస్కులను ఒకటిగా కలిపే) అమరికను ఏహెచ్‌సీఐకి (డిస్కుతో మాట్లాడే మామూలు పద్ధతికి) మార్చమనీ. ఇలాంటి చోట చాలామంది లినక్స్‌కు కొత్త యంత్రాలు పడవని తీర్మానించి పెన్‌డ్రైవ్ పీకేస్తారు. ఆ తీర్మానం తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే మొదటికి వెళ్లాలి.

1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ప్రకటించినప్పుడు, అది ఏటీ (నాటి ఐబీఎం పీసీ తరహా) హార్డ్‌డిస్కులను తప్ప మరి దేనినీ బహుశా ఎప్పటికీ నడపదని, తన దగ్గర ఉన్నవి అవేనని రాశారు. పరికరాన్ని నడిపే ప్రోగ్రామైన డ్రైవర్ రాయడానికి ఏమి కావాలో ఆ మాటే చెబుతుంది: చేతిలో పరికరం ఉండాలి, లేదా ఆ పరికరం ఏ ఆజ్ఞకు ఏమి చేస్తుందో తెలిపే పత్రమైనా ఉండాలి. విండోస్‌కు పరికరం తయారు చేసినవారే డ్రైవర్ రాసిచ్చేవారు. లినక్స్‌కు, 1993లో మొదలైన ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ అనే మరి రెండు ఓపెన్ సోర్స్ సిస్టమ్‌లకు చాలాకాలం ఆ భాగ్యం లేదు.

తొలి పదేళ్ల చిక్కులు ఎక్కువగా పాత బయాస్ లెక్కల వల్ల వచ్చినవే. డిస్కులో 1024 సిలిండర్ల (వలయాల వరుసల) తరువాత ఉన్నదానిని బయాస్ చదవలేకపోయేది, కనుక కెర్నెల్ కోసం డిస్కు మొదట్లోనే ఒక చిన్న విభాగం కేటాయించవలసి వచ్చేది. డిస్కు విభాగాల వివరాలు ఉండే 1983 నాటి ఎంబీఆర్ పట్టికలో సెక్టార్ (డిస్కు మీది చిన్న గడి) సంఖ్యకు 32 బిట్లే చోటు ఉంది, సెక్టారుకు 512 బైట్ల చొప్పున అది దాదాపు 2.2 టీబీ దగ్గర ఆగిపోతుంది. 2010లో 3 టీబీ డిస్కులు వచ్చినప్పుడు ఆ గోడ అందరికీ తగిలింది. జీపీటీ అనే కొత్త పట్టికతో లినక్స్ పాత బయాస్ యంత్రంలో కూడా అంత పెద్ద డిస్కు నుంచి లేవగలిగింది, విండోస్‌కు మాత్రం బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ ఉన్న యంత్రమే కావలసి వచ్చింది. అదే కాలంలో డిస్కుల లోపలి సెక్టారు 512 బైట్ల నుంచి 4,096 బైట్లకు మారింది. పాత పనిముట్లు తొలి విభాగాన్ని 63వ సెక్టారు నుంచి మొదలుపెట్టేవి. ఒక పెద్ద సెక్టారులో పాతవి ఎనిమిది పడతాయి, 63 ఎనిమిదితో భాగించబడదు, అందుచేత ప్రతి రాత రెండు పెద్ద సెక్టార్ల మీద పడి, డిస్కు ముందు చదివి, సవరించి, మళ్లీ రాయవలసి వచ్చేది. ఇప్పటి పనిముట్లు 2,048వ సెక్టారు నుంచి మొదలుపెట్టేది ఇందుకే.

డెల్టాలో ఉండేవారు ప్రత్యేకంగా తెలుసుకోదగినది కరెంటు కోతలకూ ఫైళ్లకూ ఉన్న సంబంధం. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమను ఊడ్చిపెట్టిన నాటికి లినక్స్‌లో ఫైళ్లను దాచే పద్ధతి (ఫైల్‌సిస్టమ్) ఈఎక్స్‌టీ2. రాత మధ్యలో కరెంటు పోతే ఏ పని సగంలో ఆగిందో దానికి తెలియదు, తిరిగి లేచినప్పుడు డిస్కు అంతటినీ ఆ చివరి నుంచి ఈ చివరికి తనిఖీ చేయవలసిందే. 2001 నవంబరులో 2.4.15 కెర్నెల్‌తో వచ్చిన ఈఎక్స్‌టీ3 దీనికి జర్నల్ చేర్చింది. చేయబోయే మార్పును ముందు ఒక చిట్టాలో రాసుకోవడం, తరువాత దాని చోట అమర్చడం. కొట్టులో దినవహీ, ఆవర్జా పెట్టే వారికి ఈ ఏర్పాటు వివరించి చెప్పనక్కరలేదు. 2008 డిసెంబరులో స్థిరపడిన ఈఎక్స్‌టీ4 వేగం కోసం రాతను కొంత ఆలస్యం చేసింది. దానివల్ల 2009లో కరెంటు పోయిన యంత్రాలలో కొన్ని ఫైళ్లు సున్నా బైట్లతో తేలాయి. మూలం అందరి ముందూ ఉన్నది కనుక తప్పు ఆపరేటింగ్ సిస్టమ్‌దా, అప్లికేషన్లదా అని బహిరంగంగానే వాదించుకుని, కెర్నెల్‌లో జాగ్రత్తలు చేర్చారు. అంతమాత్రాన అన్ని సమస్యలూ తీరలేదు. తక్కువ ధర ఎస్ఎస్‌డీలలో (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల మీద రాసే డిస్కులలో) కరెంటు పోయిన క్షణాన లోపలి క్యాష్‌ను (తాత్కాలిక మెమరీని) కాపాడే కెపాసిటర్లు సాధారణంగా ఉండవు, ఏ ఫైల్‌సిస్టమ్ అయినా ఆ లోటును పూర్తిగా పూడ్చలేదు. లెక్కలు ఉన్న యంత్రానికి ఇన్వర్టరో యూపీఎస్సో ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక కొత్త పరికరాల మాట. వివరాలు బహిరంగంగా ప్రకటించిన చోట ఓపెన్ సోర్స్ వెనకబడలేదు సరికదా, ముందే నిలిచింది. యూఎస్‌బీ 3.0కు తొలిసారి తోడ్పాటు ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్, అది 2009 సెప్టెంబరులో. ఎన్‌వీఎంఈ ప్రమాణపత్రం 2011 మార్చిలో వెలువడింది, సరిగ్గా ఏడాదికి 3.3 కెర్నెల్‌లో దాని డ్రైవర్ ఉంది. విండోస్‌లో అది సొంతంగా చేరింది 2013లో, 8.1తో. ఈ ప్రమాణం తెచ్చిన మార్పు చిన్నది కాదు. ఏహెచ్‌సీఐలో ఆజ్ఞలకు ఒకే వరుస, అందులో 32 ఆజ్ఞలకే చోటు, దాళ్వాలో ఒకే బోదె నుంచి చేలన్నింటికీ వంతులవారీగా నీరు పెట్టినట్టు. ఎన్‌వీఎంఈలో 65,535 వరుసల వరకు పెట్టుకోవచ్చు, ప్రాసెసర్‌లోని ప్రతి కోర్‌కు దాని బోదె దానికి ఉంటుంది. దీనికి తగినట్టు లినక్స్ తన డిస్కు వ్యవస్థను లోపలి నుంచి తిరగరాసుకుని 2014 జనవరిలో 3.13 కెర్నెల్‌లో విడుదల చేసింది. తరువాత విద్యుత్ పొదుపు కోసం డిస్కును నిద్రపుచ్చే సదుపాయం చేర్చినప్పుడు కొన్ని రకాల డిస్కులు నిద్రలోకి జారి మళ్లీ లేవలేదు. అటువంటి వాటి పట్టిక నేటికీ కెర్నెల్ మూలంలోనే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు.

చిక్కల్లా వివరాలు దాచిన చోటే. కొన్ని ల్యాప్‌టాప్‌లలో రెయిడ్ అనే అమరిక ఎన్‌వీఎంఈ డిస్కును దాని సహజస్థానంలో కనబడనీయకుండా పాత తరహా డిస్కులను నడిపే సాటా నియంత్రిక చాటుకు మారుస్తుంది. డిస్కు ఒక్కటే, రెయిడ్ చేయడానికి రెండోది లేదు, అయినా కర్మాగారం నుంచి అదే అమరికతో బయటికి వస్తుంది. ఆ మార్పిడి ఎలా పనిచేస్తుందో తెలిపే పత్రం సరిగా లేనందున కెర్నెల్ నిర్వాహకులు దానికి డ్రైవర్ చేర్చుకోలేదు, పాలకొల్లులో మాకు కనిపించిన హెచ్చరికను మాత్రం చేర్చారు. వారు చేసినది సబబే అంటాను. ఎదుటి పరికరం ఏమి చేస్తుందో ఊహించి డిస్కు మీద రాయడం మొదలుపెడితే పోయేది ఎవరి లెక్కలో ఆలోచించాలి.

సెక్యూర్ బూట్ కథ దీనికి భిన్నం. 2012లో విండోస్ 8తో వచ్చిన యంత్రాలు డిజిటల్ సంతకం లేని బూట్‌లోడర్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామును) లేవనీయకపోవడంతో ఓపెన్ సోర్స్‌కు తలుపులు మూసుకుంటాయని అందరూ భయపడ్డారు. షిమ్ అనే చిన్న ప్రోగ్రామును మైక్రోసాఫ్ట్ చేత సంతకం చేయించి, అది మిగతా వాటిని పరీక్షించేలా మాథ్యూ గారెట్ తదితరులు ఏర్పాటు చేశారు, 2013 జనవరిలో ఫెడోరా 18 అనే లినక్స్ రకం ఆ దారినే వచ్చింది. తలుపు తెరుచుకుంది, తాళంచెవి మాత్రం ఇంకొకరి చేతిలోనే ఉంది. ఆ 2011 నాటి సంతకపు ధ్రువపత్రం గడువు 2026 జూన్ వరకే కావడం వల్ల కొత్త ధ్రువపత్రాలు చేర్చవలసిన పని వచ్చి పడింది. ఇందులో కొత్తవారు తరచు జారవిడుచుకునేది ఒకటుంది: విడిగా వేసిన డ్రైవర్‌కు తాళంచెవి నమోదు చేయమంటూ రీబూట్‌లో ఒక నీలి తెర వస్తుంది, పది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కకపోతే వెళ్లిపోతుంది, ఆ డ్రైవర్ పనిచేయదు.

పాలకొల్లు కొట్టులో మేము ముందుగా లెక్కల ఫోల్డరును బయటి హార్డ్‌డిస్కులోకి నకలు తీసుకున్నాము. అమరిక మార్చగానే పాత విండోస్ లేవడం మానేస్తుంది గనుక దానిని ఒకసారి సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే) లేచేలా సిద్ధం చేసి, బయాస్‌లో రెయిడ్‌ను ఏహెచ్‌సీఐ చేశాము. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి, తరువాత మామూలుగానూ లేచింది. అప్పుడు మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టాము. ఈసారి జాబితాలో రెండో వరుస ఉంది: ఎన్‌వీఎంఈ0ఎన్1, 238.5 జీబీ. యజమాని కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగి, "ఇదేనాండీ మాది?" అని అడిగారు. ఏమీ వేయకముందే ఆ డిస్కును తెరిచి, కొబ్బరికాయల లోడ్ల లెక్కలున్న ఫోల్డరును ఆయనకు చూపించాను.