ప్యాకెట్లో మిగిలిపోయేది: ఫీల్డ్ రేషన్ వెనక కథ

1983లో హవాయిలో అమెరికా 25వ పదాతి డివిజన్ సైనికులకు 34 రోజులపాటు మూడు పూటలా ఎం.ఆర్.ఈ. ప్యాకెట్లే పెట్టి చూశారు. వంట అక్కర్లేకుండా విప్పి తినేసే సైనిక భోజనం అది; యుద్ధరంగంలో పెట్టే ఇలాంటి తిండినే ఫీల్డ్ రేషన్ అంటారు. రోజుకు ఇచ్చింది 3,600 కేలరీలు, కడుపులోకి వెళ్లింది సగటున 2,200 లోపే. రుచి బాగోలేదా అంటే, 9కి 7 మార్కులు వేసింది కూడా వాళ్లే! అదే తిండి అమెరికాలోని ఎం.ఐ.టి. యూనివర్సిటీ విద్యార్థులకు 45 రోజులు పెడితే 3,100 కేలరీలకు పైగా తిన్నారు. విద్యార్థులకు కూర్చునే చోటుంది, ప్లేటుంది, వేడి చేసుకునే వీలుంది, తీరిక ఉంది. రేషన్ తయారుచేసేవాళ్లను ఇప్పటికీ తిప్పలు పెడుతున్నది ఈ తేడాయే.

మొదట్లో బెంగంతా నిల్వ గురించే. ఆహారాన్ని గాజు సీసాలో బిగించి, మరిగే నీళ్లలో ఉడికించే పద్ధతికి ఫ్రాన్స్ ప్రభుత్వం 1810లో నికొలా అపేర్‌కు 12,000 ఫ్రాంకులిచ్చింది. అదే ఏడాది ఇంగ్లండులో రేకు డబ్బాకు పేటెంట్ వచ్చింది. డబ్బా తెరిచే పరికరం రావడానికి మాత్రం మరో నలభై ఏళ్లకు పైగా పట్టింది. అందాకా ఉలీ సుత్తే గతి.

డబ్బా బరువు తగ్గించే ప్రయత్నంలో పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన కె రేషన్. మిన్నెసోటా యూనివర్సిటీకి చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1941లో దానికి రూపమిచ్చాడు. మూడు పూటలకు మూడు అట్టపెట్టెలు, మొత్తం 2,830 కేలరీలు. చిన్న మాంసం డబ్బా, బిస్కెట్లు, కాఫీ పొడి, చూయింగ్ గమ్, సిగరెట్లు ఉండేవి. మైనం పూసిన పెట్టెను కాలిస్తే ఓ కప్పు కాఫీ కాగేది. విటమిన్ సికి నిమ్మపొడిని నమ్ముకున్నారు. అది నోట్లో పెట్టలేనంత పుల్లన, అందుకే చాలామంది పారేసేవారు. ఒక పోషకాన్నంతా ఒకే పొట్లంలో పెడితే పొట్లంతోపాటే అదీ పోతుంది. తర్వాతి రేషన్లలో విటమిన్లను చీజ్, వేరుశనగ వెన్న, బిస్కెట్లు, కోకోలకు పంచారు. పైగా కొద్దిరోజుల అవసరానికి చేసిన కె రేషన్‌ను 1944లో బర్మా అడవుల్లో పోరాడిన అమెరికా మెరిల్ దళానికి నెలల తరబడి పెట్టారు. మనుషులు చిక్కి శల్యమయ్యారు.

1981 నుంచి సైన్యానికి అందిన ఎం.ఆర్.ఈ. డబ్బాను వదిలించుకుంది. దాని రిటార్ట్ పౌచ్‌కు, అంటే ఆహారాన్ని సీలు చేశాక అధిక వేడిలో ఉడికించే మెత్తటి సంచికి, బయట పాలియెస్టర్, మధ్యలో అల్యూమినియం రేకు, లోపల పాలీప్రొపిలీన్. పలచగా ఉంటుంది కాబట్టి క్రిములను చంపే 121 డిగ్రీల వేడి లోపలిదాకా త్వరగా చేరుతుంది, అంచులు మాడిపోవు. అతుకు మీద కూర మరక పడితే మాత్రం సీలు సరిగా పట్టదు, సూక్ష్మజీవులు చొరబడి, అవి వదిలే వాయువుతో పౌచ్ ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని రుచి చూడకుండానే పారేయాలి. నిల్వ 27 డిగ్రీల దగ్గర మూడేళ్లు, 38 డిగ్రీల దగ్గర ఆరు నెలలే. ఎడారి గోదాముల్లో తారీఖు చూసి మోసపోయేది ఇక్కడే.

1990ల మొదట్లో మంట అక్కర్లేని హీటర్ వచ్చింది. అదో ప్లాస్టిక్ సంచి, అందులో నీళ్లు తగిలితే వేడెక్కే మెగ్నీషియం, కొంచెం ఇనుము, ఉప్పు ఉంటాయి. పౌచ్‌ను ఆ సంచిలో దూర్చి, 30–45 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూతి మడిచి, ఆ వైపు కాస్త ఎత్తుగా ఉండేలా దేనికైనా ఆనించి పది పన్నెండు నిమిషాలు ఉంచాలి. నీళ్లు ఎక్కువైతే వేడి నీళ్లకే పోతుంది. నిలువుగా పెడితే అడుగు కాలుతుంది, పైభాగం చల్లగానే ఉంటుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కనుక తలుపులు మూసిన వాహనంలో వాడకూడదు.

మెనూలు 12 నుంచి 24కు పెరిగినా సైనికుల అలవాటు మారలేదు. గస్తీకి బయల్దేరే ముందే ప్యాకెట్ విప్పి, అట్టలు, నచ్చనివి తీసేసి, మిగిలింది సంచిలో వేసుకుంటారు. బరువు తగ్గుతుంది, దాంతోపాటు కేలరీలూ తగ్గుతాయి. చార్మ్స్ మిఠాయిలనైతే అపశకునమని విసిరేసేవారు! మొదటి మూడు రోజుల పోరాటం కోసం చేసిన ఫస్ట్ స్ట్రైక్ రేషన్ ఈ అలవాటును గుర్తించి పుట్టిందే. నడుస్తూ ఒంటిచేత్తో తినగలిగే శాండ్‌విచ్‌లు, బార్లు అందులో ఎక్కువ.

సైనికులు ఏళ్ల తరబడి అడిగిన పిజ్జా 2018లో గానీ ప్యాకెట్‌లోకి రాలేదు. సాస్‌లోని తడి మెల్లగా రొట్టెలోకి దిగితే అది మెత్తబడుతుంది, బూజు పడుతుంది. తడిని పట్టి ఉంచే పదార్థాలు కలిపి, సాస్, చీజ్, రొట్టె మూడింటి ఆమ్లతను సరిచేసి, ఆక్సిజన్‌ను పీల్చే ఇనుపపొడి పొట్లం జతచేశాక అది మూడేళ్లు నిలిచింది.