కృపకు ముందు అర్హత కావాలా? అపోహలు - వాస్తవాలు

పరామర్శకు వెళ్లిన ఇళ్లలోనూ, ఆసుపత్రి వార్డుల్లోనూ, ఆరాధన ముగిశాక గుడి వరండాలోనూ పాస్టరుగా నాకు పదే పదే వినిపించే మాట, "కొంచెం మారాక గుడికి వస్తాను అయ్యగారూ" అన్నది. ఈ మాట అనేవారిలో దేవుణ్ణి తేలికగా తీసుకునేవారు చాలా అరుదు. తమ తప్పు తమను రాత్రిళ్లు నిద్రపోనివ్వని వారే ఎక్కువగా ఇలా అంటారు. అందుకే ఈ అపోహ గురించే విపులంగా రాయాలనుకున్నాను.

అపోహ: మనం ముందు యోగ్యులం కావాలి, దేవుడు ఆ తర్వాతే కృప (అర్హత చూడకుండా చూపే దయ) చూపుతాడు.

వాస్తవం: "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను" అని బైబిలులోని రోమా 5:8 చెబుతోంది. అంటే మార్పుకు ముందే ప్రేమ ఉంది, మార్పు ఆ ప్రేమలోనుంచి పుడుతుంది. లూకా 15లో యేసు చెప్పిన కథలోని తప్పిపోయిన కుమారుడు, ఆస్తి పాడుచేసుకొని ఇంటికి తిరిగి వస్తూ, తండ్రికి చెప్పవలసిన మాటలను ముందే సిద్ధం చేసుకున్నాడు. తనను కూలివారిలో ఒకనిగా పెట్టుకోమని అడగడం వాటిలో చివరిది. అతడు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూసి, పరుగెత్తి వచ్చి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు. 19వ వచనాన్నీ 21వ వచనాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. తాను కుమారుడనిపించుకోవడానికి యోగ్యుడను కానన్నంత వరకే అతడు చెప్పగలిగాడు. కూలివాడిగా పెట్టుకోమన్న మాట నోటి వరకు రాకముందే తండ్రి ప్రశస్త వస్త్రమూ, ఉంగరమూ, చెప్పులూ తెమ్మని దాసులకు చెప్పేశాడు.

మా సంఘంలో ఒక తాపీమేస్త్రీ ఉండేవాడు. నెలలో మొదటి ఆదివారం బల్లారాధన (క్రీస్తు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన) ఉన్నప్పుడు ప్రసంగం కాగానే లేచి వెళ్లిపోయేవాడు. ఒకరోజు ఎందుకని అడిగితే, కూలీల హాజరు రాసుకునే చిన్న పుస్తకాన్ని చొక్కా జేబులోంచి తీసి చివరి పేజీ చూపించాడు. తాగకుండా గడిచిన ప్రతి రోజుకూ అందులో ఒక గీత ఉంది. తాగిన రోజు వచ్చేసరికి పాత గీతలన్నీ కొట్టేసి, మళ్లీ మొదటినుంచి గీసుకుంటూ వస్తున్నాడు. ఏడాది గీతలు నిండితేనే రొట్టె ముట్టాలని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. అయోగ్యంగా తినకూడదని 1 కొరింథీ 11లో ఉన్న హెచ్చరికను ఎవరో అతనికి సగం మాత్రమే చెప్పి భయపెట్టారు. ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు ఆ అధ్యాయంలో మందలించింది, పేదల కోసం ఆగకుండా ముందే తినేసి, తాగి మత్తులై, లేనివారిని సిగ్గుపరచినవారిని. ప్రతివాడూ తనను తాను పరీక్షించుకొని ఆ రొట్టెను తినాలని అక్కడే 28వ వచనంలో ఉంది. పరీక్షించుకొని వెళ్లిపోవాలని లేదు. పనిచేసేవాడికి ఇచ్చే జీతం దానమనిపించుకోదని చెప్పే రోమా 4:4ను కూడా అతనితో కలిసి చదివాను. రోజూ కూలి లెక్కలు చూసే మనిషి కనుక అది అతనికి వెంటనే తెలిసింది. ఆ తరువాత మొదటి ఆదివారం అతడు చివరిదాకా ఉన్నాడు. తాగుడు మానేందుకు వైద్యుడి దగ్గరికి వెళ్లింది కూడా అప్పటినుంచే.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను.

కృప ఉంది కనుక ఎలా బతికినా ఫరవాలేదన్నది మరో అపోహ. ఈ ప్రశ్న పౌలు కాలంలోనే వచ్చింది. రోమా 6 మొదట్లోనే ఆయన దాన్ని గట్టిగా తోసిపుచ్చాడు. కృపచేతనే రక్షణ అని చెప్పిన ఎఫెసీ 2:8-9 వెంటనే 10వ వచనం మనం సత్‌క్రియల కోసమే సృష్టించబడ్డామని చెబుతుంది.

పెద్ద కానుక ఇస్తే ఆశీర్వాదం త్వరగా వస్తుందని ప్రచారం చేసేవారి విషయంలో నాకు ఓపిక లేదు. డబ్బిచ్చి దేవుని వరాన్ని పొందాలనుకున్న గారడీ సీమోనును యేసు శిష్యుడు పేతురు ఎంత కఠినంగా గద్దించాడో అపొస్తలుల కార్యములు 8లో ఉంది. కానుక కృతజ్ఞతతో ఇచ్చేది. అప్పు చేసి కానుక ఇమ్మని ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

కృప అన్నది లూథరన్లు (మార్టిన్ లూథర్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్ సంఘం వారు) మాత్రమే చెప్పే సిద్ధాంతమని కొందరంటారు. 1842లో గుంటూరులో మొదలైన లూథరన్ మిషన్ ప్రభావం మన ప్రాంతంలో బలంగా ఉన్నందువల్ల అలా అనిపించవచ్చు. అయితే 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం కలిసి సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన, దేవుడు మనలను అంగీకరించేది మన యోగ్యతను బట్టి కాదనీ కేవలం కృపవల్లనేననీ చెబుతోంది. 2006లో మరో ప్రొటెస్టెంట్ శాఖ అయిన మెథడిస్టులు కూడా దానితో ఏకీభవించారు.

చివరిది, జబ్బు తగ్గకపోతే దేవుని కృప తొలగిపోయిందన్న భయం. మంచం మీద ఉన్నవారితో దయచేసి ఈ మాట అనకండి. తనను వేధించే ఒక బాధను పౌలు శరీరంలోని ముల్లు అన్నాడు, దాన్ని తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. అది తొలగిందని 2 కొరింథీ 12లో ఎక్కడా లేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు మాత్రం ఉంది. మందులు మానేస్తేనే విశ్వాసం ఉన్నట్లని ఎవరైనా చెబితే ఆ మాట వినవద్దు. మాత్రలు వేళకు వేసుకోండి, ప్రార్థనకు మమ్మల్ని ఎప్పుడైనా పిలవండి.